కాల్ బుక్కులో లేని సంతకం

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే పేటలో ఎవరింటి తలుపు ఎన్ని దెబ్బలకు తెరుచుకుంటుందో ఆ ఇంట్లోవాళ్ల కన్నా సొలొమోనుకే బాగా తెలుసు. ఖరగ్‌పూర్ రైల్వేలో ముప్పై ఒక్క ఏళ్లు కాల్‌మన్‌గా చేసిన మనిషి. అదేమంత గొప్ప ఉద్యోగమని ఎవరూ అనరు. బండి బయల్దేరడానికి రెండు గంటల ముందు సైకిలు తొక్కుకుంటూ డ్రైవర్ ఇంటికి వెళ్లాలి, నిద్ర లేపాలి, ఫలానా బండికి డ్యూటీ అని చెప్పాలి, కాల్ బుక్కులో టైము వేయించి సంతకం పెట్టించుకోవాలి. అంతే! ఆ 'అంతే' జరక్కపోతే మాత్రం బండి కదలదు. దాని వెనకాల ఇంకో నాలుగు నిలబడిపోతాయి. ఆఫీసర్లు ఫ్యాన్ల కింద కూర్చుని టైమ్ టేబుళ్లు రాస్తారు గానీ, ఆ టైమ్ టేబుల్‌ని ఇల్లిల్లూ తిప్పినవాడు సొలొమోను.

నేను చెప్పబోయేది ఆయన కూతురు జ్ఞానరత్నం గురించి. తండ్రిని పక్కనబెట్టి తన గురించి చెబితే ఆవిడ ఊరుకోదు, అందుకని ముందు ఆయన.

1984లో ఒక మధ్యాహ్నం గూడ్సు బండొకటి రెండు గంటలు ఆలస్యంగా కదిలింది. డ్రైవరు "నన్నెవరూ పిలవలేదు" అని రాసిచ్చేశాడు. విచారణ పెట్టారు. సొలొమోను ఉద్యోగం పోయినట్టేనని వీధి వీధంతా చెప్పేసుకుంది. అప్పటికి పదో తరగతి చదువుతున్న జ్ఞానరత్నం తండ్రికి అన్నం క్యారేజీ పట్టుకుని ఆఫీసు వరండాలో నిలబడింది. లోపల సొలొమోను కాల్ బుక్కు తీసి, పేజీ తిప్పి, బల్ల మీద పెట్టాడు. ఒంటిగంటా నలభైకి డ్రైవర్ సంతకం! నిద్రమత్తులో పెట్టి మళ్లీ పడుకున్నాడు మహానుభావుడు, పెట్టిన సంగతే గుర్తులేదు. బయటికొచ్చి క్యారేజీ అందుకుంటూ సొలొమోను కూతురితో అన్నాడు:

"సూసినావా అమ్మా, పిలవడం సగం పనే. సంతకం ఒస్తేనే పిలిసినట్టు."

ఆ రోజు జ్ఞానరత్నానికి తన తండ్రి రైల్వే మొత్తానికి జనరల్ మేనేజరులా కనిపించాడు.

ఆ తర్వాత ఆవిడ గోల్‌బజార్‌లో టైపు నేర్చుకుంది. 1990లో ప్రేమ్‌బజార్ పక్కనున్న పెద్ద ఇంజనీరింగ్ కాలేజీలో ఒక డిపార్ట్‌మెంటుకి టైపిస్టుగా చేరింది. ఇంకో ఆరేళ్లకు ఆవిడ బల్ల మీదికి కంప్యూటరొచ్చింది, దాంతోపాటే ఈ-మెయిలూ వచ్చింది. అది ఆవిడ చేతిలో ఒదిగిపోయింది. కుర్ర లెక్చరర్లు కూడా "దీదీ, ఇదెలా చేయాలి?" అని ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్లు.

1997 డిసెంబరులో ఆ డిపార్ట్‌మెంటులో అంతర్జాతీయ సదస్సు పెట్టుకున్నారు. దాని భారమంతా సుబ్బరాజు గారి మీద పడింది. ఆయనది భీమవరం. మంచివాడు, కాకపోతే కంగారు మనిషి. జూన్ నెలలో ఒకరోజు ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"ఏమ్మా జ్ఞానరత్నం, ఈసారి మన పరువు నీ చేతిలో ఉంది. నలభై వ్యాసాలు, నలభై మంది పరీక్షకులు. దేశదేశాల్లో ఉన్నారు. ఒక్కొక్కరూ తమ అభిప్రాయం అక్టోబరు పదిహేనులోగా పంపాలి. పోయినసారి ఏమైందో తెలుసు కదా?"

తెలియకేం! పోయినసారి సగం మంది మరిచిపోయారు. సదస్సు అయిన ఏడాదికి గానీ వ్యాసాల పుస్తకం రాలేదు.

"సదస్సు మొదటిరోజుకి పుస్తకం చేతిలో లేకపోతే ఈ ఉత్తరాల పనంతా కలకత్తాలో ఎవరికో అప్పగించేస్తానంటున్నారు హెడ్డు గారు. కంప్యూటరు ఇక్కడి నుంచి తీసేస్తారు. నిన్ను..." అని ఆగిపోయాడాయన.

"డిస్పాచ్‌కా అండీ?"

సుబ్బరాజు గారు నేల చూపులు చూశాడు. డిస్పాచ్ అంటే రోజంతా కవర్లకు జిగురు రాసి స్టాంపులు అంటించే బల్ల. ఏడేళ్లు కష్టపడి ఇక్కడిదాకా వచ్చిన మనిషిని మళ్లీ జిగురు డబ్బా దగ్గర కూర్చోబెడతారట! జ్ఞానరత్నం "ఆ అవసరం రాదు లెండి" అంది. ఎలా రాదో అప్పటికి ఆవిడకీ తెలియదు.

మెయిల్ ప్రోగ్రాంలో ఒక మూల చిన్న సదుపాయం ఉంది. ఉత్తరం ఇవాళ రాసి, ఫలానా తారీఖున ఫలానా గంటకు వెళ్లమని చెబితే అవుట్‌బాక్స్‌లో కూర్చుని ఆ గంటకు తనంతట తనే వెళ్తుంది. ఆ డిపార్ట్‌మెంటులో దాని మొహం చూసినవాడు లేడు. జ్ఞానరత్నం తన పేరు మీదే ఒక ఉత్తరం రాసి, పదకొండు గంటలకు పెట్టి, గడియారం వంక చూస్తూ కూర్చుంది. పదకొండైంది, ఉత్తరం వచ్చింది. పక్క బల్లవాళ్లు తిరిగి చూసేలా చప్పట్లు కొట్టింది.

ఇంకేం! నలభై మందికీ గుర్తుచేసే ఉత్తరాలు రాసేసింది. సోమవారం పొద్దున ఏడింటికి వెళ్లేలా పెట్టింది. సుబ్బరాజు గారు ఆనందం పట్టలేక హెడ్డు గారికి కూడా చెప్పేశాడు. శనివారం ఇంటికి బయల్దేరే ముందు జ్ఞానరత్నం రోజూ చేసే పనే శ్రద్ధగా చేసింది. కంప్యూటరు ఆపింది, స్టెబిలైజరు ఆపింది, ప్లాస్టిక్ కవరు కప్పింది, దాని మీద దుమ్ము కూడా తుడిచింది.

సోమవారం వచ్చి చూస్తే నలభై ఉత్తరాలూ అవుట్‌బాక్స్‌లో అలాగే కూర్చున్నాయి. ఆపేసిన యంత్రం ఉత్తరాలెలా పంపుతుంది? సరిగ్గా అప్పుడే హెడ్డు గారు తెర చూడటానికి వచ్చారు. చూశారు. "ఇదేనా మీ ఆటోమేటిక్?" అన్నారు. గట్టిగా తిట్టినా బాగుండేది. "ఇంకొక్క పొరపాటు జరిగితే అక్టోబరు దాకా ఆగను" అని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఇంట్లో జ్ఞానరత్నం కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు. తల్లి చిలకమ్మ చేపల పులుసు వడ్డిస్తూ "ఏటయిందే గుంటా?" అని అడిగేసరికి అంతా కక్కేసింది. "కాల్‌మన్ కూతుర్ని నాన్నా! అందరినీ లేపాల్సిందాన్ని, నేనే దుప్పటి కప్పి నిద్రపుచ్చేశాను" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

సొలొమోను పడీపడీ నవ్వాడు. కూతురికి ఒళ్లు మండింది.

"నవ్వకేటి సేస్తాను? నన్నెవరు లేపీవోరనుకున్నావు?" అన్నాడు.

"అలారం గడియారం."

"మనింట్లో అలారం గడియారం ఎప్పుడైనా సూసినావా?"

జ్ఞానరత్నం ఆలోచించింది. నిజమే, ఇరవై ఎనిమిదేళ్లలో ఆ ఇంట్లో అలారం గడియారమన్నదే లేదు. గోడ గడియారం ఒకటుంది, అదీ పండక్కోసారి నడిచేది.

"మీ అమ్మ లేపీది. ముప్పై ఒక్క ఏళ్లు. ఒక్కనాడు తప్పనేదు" అన్నాడు సొలొమోను.

"ఊరుకోండి మీరు. పులుసు సల్లారిపోతంది" అంది చిలకమ్మ.

"ఎలా లేచేదానివమ్మా?"

"లెగడమేటి? పడుకుంటే గదే లెగడానికి" అంది చిలకమ్మ. అదేదో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పి, ఇంకో గరిటె పులుసు పోసింది.

జ్ఞానరత్నం తల్లి వంక చాలాసేపు చూసింది. ఇన్నాళ్లూ తండ్రి గురించి ఊరంతా చెప్పుకుంది గానీ, తల్లి ఎప్పుడు పడుకుంటుందో ఒక్కసారైనా అడగలేదు. సిగ్గేసింది. ఆ తర్వాత అన్నం కడుపునిండా తింది.

మర్నాటి నుంచి ఆవిడ పద్ధతే మారిపోయింది. కంప్యూటరు ఆపడం మానేసింది. దాని మీద ఇంగ్లీషులోనూ బెంగాలీలోనూ కాగితం అంటించింది: 'డ్యూటీలో ఉంది. ముట్టుకోవద్దు.' ఊడ్చే దాదాకి వేరేగా చెప్పి మరీ ఒప్పించింది. రోజూ అందరికన్నా ముందే వచ్చి అవుట్‌బాక్స్ ఖాళీ అయిందో లేదో చూసుకున్నాకే టీ తాగేది. కరెంటు పోయి ఆగిపోయిన ఉత్తరాలుంటే అప్పటికప్పుడు తన చేత్తో పంపేది.

నలభై మందికీ నలభై అట్టముక్కలు రాసుకుంది. ఎవరి ఊళ్లో ఎప్పుడు తెల్లారుతుంది, ఎవరు ఒక్క పిలుపుకే లేస్తారు, ఎవరికి మూడు కావాలి. జపాన్ ఆయనకు మన తెల్లవారుజామున, అమెరికా ఆవిడకు మన సాయంత్రం వెళ్లేలా పెట్టింది. ప్రతి ఉత్తరం చివరా ఒక్క వాక్యం: 'ఇది చూసినట్టు దయచేసి ఒక్క మాట తిరిగి రాయండి.' ఆ ఒక్క మాటే సంతకం. వచ్చిన ప్రతి సంతకాన్నీ అచ్చుతీసి, తారీఖు, టైముతో ఫైల్లో పెట్టింది.

రూర్కీ ప్రొఫెసరొకాయన మూడు ఉత్తరాలకూ పలకలేదు. జ్ఞానరత్నం తండ్రిని అడిగింది.

"అయ్య లెగకపోతే అమ్మగారిని పిలవాల. బేగి పనవుద్ది" అన్నాడాయన.

జ్ఞానరత్నం ఆయన ఇంటికి ఫోను చేసి భార్యతో మాట్లాడింది. నాలుగో రోజుకు అభిప్రాయం వచ్చింది. పాపం ఆ ఇల్లాలు ఏం చేసిందో గానీ, ఆయన క్షమాపణ కూడా రాశాడు.

ఇంకొకాయన స్కాట్లండులో ఉన్నాడు. ఎన్నిసార్లు గుర్తుచేసినా 'చూశాను' అని రాసి ఊరుకునేవాడు. సంతకం పెట్టి మళ్లీ పడుకునే రకం! అలాంటి డ్రైవర్లను పండగపూట సొలొమోను మంచిమాటతో లేపేవాడు. ముందు శుభాకాంక్షలు, తర్వాతే బుక్కు. జ్ఞానరత్నం ఆ స్కాట్లండు పెద్దమనిషి వివరాల కాగితంలో పుట్టినరోజు వెతికింది. సెప్టెంబరు ఇరవై ఆరు. ఆ పొద్దున ఆయన కాఫీ తాగే వేళకు అందేలా ఒక శుభాకాంక్షల ఉత్తరం పెట్టింది. వ్యాసం మాట ఒక్క ముక్క ఎత్తలేదు. మర్నాడే ఆరు పేజీల అభిప్రాయం వచ్చింది. పైన ఒక వాక్యం: 'ఈ ఏడాది నా పుట్టినరోజు గుర్తుపెట్టుకున్నది మీరొక్కరే.' జ్ఞానరత్నం ఆ వాక్యం రెండుసార్లు చదువుకుని, మిగతా ముప్పై తొమ్మిది మంది పుట్టినరోజులూ వెతకడం మొదలుపెట్టింది. పని కోసం కాదు, ఊరికే.

అక్టోబరు పన్నెండుకి ముప్పై తొమ్మిది వచ్చేశాయి. మిగిలినది ఢిల్లీ పెద్దాయనది. చాలా పెద్దాయన. ఆయన నేరుగా హెడ్డు గారికే ఫోను చేసి "నాకు ఒక్క రిమైండరూ రాలేదు. మీ ఆఫీసు ఏం చేస్తోంది?" అని విరుచుకుపడ్డాడు. హెడ్డు గారు ఎర్రబడ్డ ముఖంతో జ్ఞానరత్నం బల్ల దగ్గరికి వచ్చారు. వెనకాల సుబ్బరాజు గారు చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

జ్ఞానరత్నం ఫైలు తీసి, పేజీ తిప్పి, బల్ల మీద పెట్టింది. ఆగస్టు నాలుగు, ఉదయం పదీ పది: 'అందింది.' సెప్టెంబరు ఒకటి: 'అందింది, ధన్యవాదాలు.' సెప్టెంబరు ఇరవై రెండు: 'అందింది.' మూడింటి కిందా ఢిల్లీ పెద్దాయన పేరు.

హెడ్డు గారు మూడూ చదివారు. నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఢిల్లీకి ఆయనే ఫోను చేసి, తారీఖులూ టైములూ చదివి వినిపించారు. పధ్నాలుగో తారీఖున నలభయ్యో అభిప్రాయమూ వచ్చింది. ఆ తర్వాత కలకత్తా మాట గానీ, డిస్పాచ్ మాట గానీ ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు.

పుస్తకం అచ్చుకు వెళ్లేముందు సుబ్బరాజు గారు కృతజ్ఞతల పేజీ పట్టుకొచ్చాడు. "నీ పేరు వేస్తున్నానమ్మా. టైపింగ్ సహాయం అని వేయనా, ఆఫీసు సహాయం అని వేయనా?"

"కాల్‌మన్ అని వేయండి" అంది జ్ఞానరత్నం.

"ఆడమనిషివి, కాల్‌మన్ ఏంటమ్మా?"

"రైల్వేలో ఆ పోస్టు పేరు అదేనండీ." ఆవిడ గొంతులో ఏం విన్నాడో గానీ, ఆయన మరి వాదించకుండా రాసుకున్నాడు.

సదస్సుకు పది రోజుల ముందే పుస్తకాలు దిగాయి. ఆ సాయంత్రం జ్ఞానరత్నం ఒకటి ఇంటికి పట్టుకెళ్లింది. సొలొమోను కళ్లజోడు తుడుచుకుని, తెరిచిన పేజీని కూడబలుక్కుని చదివాడు. 'కాల్‌మన్: ఎస్. జ్ఞానరత్నం.' మళ్లీ చదివాడు. "మన పోస్టు పేరు... ఇంత నున్నటి కాగితం మీద" అన్నాడు.

ఆ తర్వాత జేబులోంచి పెన్ను తీశాడు. కూతురు తనకే ఇస్తాడనుకుంది. ఆయన వంటింటి గుమ్మం దాకా వెళ్లి, పుస్తకం తెరిచి, మూడు దశాబ్దాలు డ్రైవర్ల ముందు పట్టుకున్నట్టే చిలకమ్మ ముందు పట్టుకున్నాడు.

"ఏటిది?" అంది చిలకమ్మ, చేతులు చీరకు తుడుచుకుంటూ.

"సంతకం ఎట్టు."

"నాకెందుకూ? నానేటి సేసినాను?"

"కాల్ బుక్కులో నీ గడి నేదు సిలకమ్మా. ఇందులో ఉంది. నువ్వు సంతకం ఎట్టందే నాను కదలను."

ఆయన కదలడని ఆ పేటలో అందరికీ తెలుసు. చిలకమ్మ కూతురి వంక చూసింది. జ్ఞానరత్నం తలూపింది. చిలకమ్మ పెన్ను తీసుకుని, పుస్తకం గుమ్మానికి ఆనించి, కూతురి పేరు కింద ఒక్కో అక్షరమే పేర్చి తెలుగులో తన పేరు రాసింది. రాసి పెన్ను ఇవ్వబోయి ఆగింది.

"టైము కూడా ఎయ్యాల గదా?"

జ్ఞానరత్నం కళ్లు తుడుచుకుని వాచీ చూసింది. "ఐదూ నలభై అమ్మా" అంది.