నలభై ఎనిమిది కిలోల తెలివి

ఆదిలాబాద్ పత్తి బజారులో తప్పుడు బేరాలు చేసినవాళ్లకు కొదవలేదు. తడిసిన పత్తిని ఎండిన ధరకు కొన్నవాళ్లున్నారు, అమ్మిన కుంటి ఎద్దునే మళ్లీ కొనుక్కుని ఇంటికి తోలుకొచ్చినవాళ్లున్నారు. కానీ వెండి పతకం చవగ్గా వస్తుందని లెక్కగట్టి, వారం రోజులు కడుపు మాడ్చుకుని, తల బోడి చేయించుకుని, ఆపైన ముక్కు వంకర చేయించుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఈ ఒక్క విషయంలో జిల్లాలో నాకు పోటీ లేదని గర్వంగా చెప్పుకోగలను.

ఈమధ్య మా అక్క కొడుకు ఫోన్ చూస్తూ, "మామా, ఒక్కో వెయిట్ల ఎవ్వలు పట్టించుకోని మంచి బాక్సర్లు ఎవలో చెప్పు" అని అడిగాడు. వాడి ఫోన్లో ప్రపంచమంతటి జాబితాలున్నాయి. నా జాబితా చిన్నది. అందులోనివాళ్లంతా కరీంనగర్‌లో ఒకే హాలులో, ఒకే పూటలో నా కంటబడ్డారు. వాళ్లను చూసి కూడా పట్టించుకోని మనిషి సైతం అక్కడే దొరికాడు. చెప్పానుగా, నాకు పోటీ లేదు.

ఆ రోజుల్లో మా వీధిలో పిల్లలకు అక్షరాలకన్నా ముందు ధర కట్టడం వచ్చేది. మాది పత్తి కొనే దుకాణం. బస్తాలోంచి పిడికెడు పత్తి తీసి, పోగు లాగి చూసి, తెచ్చినవాడి చెప్పుల వంక ఓ చూపు చూసి ధర చెప్పాలి. ఈ విద్యలో నేను ఆరితేరానని నాకో నమ్మకం. సాయంత్రాలు వసూళ్లకు తిరగమంటారనే భయంతో, మూతబడ్డ జిన్నింగు మిల్లు షెడ్డులో ఉస్తాద్ నేర్పే బాక్సింగుకు వెళ్లేవాణ్ణి. ఉస్తాద్‌కు పగలంతా వెల్డింగు పని, సాయంత్రం మా మీద పని. ఇంటర్ అయ్యాక కరీంనగర్‌లో డిగ్రీ చదువుతానన్నాను. దుకాణం వదిలి బయటపడటానికి నాకు కనిపించిన దారి అదొక్కటే. మా బాపు తరాజు ముందు నుంచి కదలకుండానే, "పత్తి జోకుడుకు డిగ్రీ గావాల్నారా?" అన్నాడు. నేను వదల్లేదు. చివరికి, "గా కొట్లాటల పతకం తెస్తే కరీంనగర్ తోలిస్త. తేకుంటె తెల్లారి వచ్చి దుకాణం గద్దె మీద కూసో" అని బేరం పెట్టాడు.

"బంగారుదే తేవాల్నా బాపు?"

"వెండిదైనా తే."

"ఇత్తడిది?"

"ఇత్తడి మనింట్ల బిందెలున్నయి."

కరీంనగర్‌లో జరిగే బాక్సింగు పోటీలకు పేర్లిచ్చే రోజున ఉస్తాద్ చేతిలోని కాగితం తొంగిచూశాను. నా తూకం యాభై ఒక్క కిలోలు. ఆ తరగతిలో అప్పటికే ఆరుగురున్నారు. దాని కిందిదైన నలభై ఎనిమిదిలో ఒకే ఒక్క పేరు. ఇద్దరే ఉంటే నేరుగా ఫైనల్, ఓడినా వెండి. నా రక్తంలోని వ్యాపారి లేచి కూర్చున్నాడు.

నలభై ఎనిమిదిలో నా పేరు రాయమంటే ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు. "నీ తూకంలనే ఉండు బేటా. ఆ ఆర్గుర్ల నల్గుర్ని నేను చూసిన. నువ్వు ఆరాంగ కొడ్తవ్."

"కొట్టకుండనే వస్తుంటె కొట్టుడెందుకు ఉస్తాద్?" అన్నాను. (ఈ మాట అన్నప్పుడు నా ముఖంలో ఎంత వెలుగుందో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.)

వారంలో మూడు కిలోలు దించాలి. అన్నం మానేశాను. ఎండలో స్వెట్టరు వేసుకుని మహారాష్ట్ర రోడ్డు మీద పరుగెత్తాను. నేను పళ్లెం ముందు కూర్చుని నిట్టూర్చి లేచిపోవడం చూసి మా అవ్వ, "పోరడు ఎవలి మీదనో మనసు వడ్డడు" అని పక్కింట్లో చెప్పింది. ఆ వారమంతా పక్కింటివాళ్లు వాళ్లమ్మాయిని డాబా మీదికి రానివ్వలేదు.

కరీంనగర్ హాలులో అడుగుపెట్టగానే అలవాటు కొద్దీ అందరికీ ధరలు కట్టాను. పై తరగతిలో వేములవాడ నుంచి వచ్చిన ఒక భారీ మనిషి, అక్కడి రాజన్న గుడి దగ్గర మొక్కు కోడెలను పట్టుకుని పెరిగినవాడట, కుర్చీలో కూర్చుని గురకపెడుతున్నాడు. అతనికి 'కోడె' అని పేరు పెట్టి, ఒక్క దెబ్బకు పడతాడని రాసిపెట్టుకున్నాను. మధ్య తూకంలో దళసరి కళ్లజోడు మనిషి ఒకడు, "రింగు ఎటు దిక్కున్నది అన్నా?" అని నన్నే అడిగాడు. అతన్ని పూర్తిగా తరుగు కింద తీసేశాను. ఇక నా ప్రత్యర్థి: నస్పూర్ పిల్లవాడు, తండ్రి బొగ్గు బాయిలో పనిచేస్తాడు. అగ్గిపుల్లలా ఉన్నాడు, అదే పేరు ఖాయం చేశాను. తూకం తక్కువై కాబోలు, ఓ మూల కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న సర్వపిండి తింటున్నాడు. వేరుశనగల వాసన నా దాకా వచ్చింది. "తింటవా అన్నా?" అని ముక్క చాపాడు. ఆ ఒక్కక్షణం నేను డిగ్రీని, కరీంనగర్‌ను, బాపును అన్నిటినీ మరిచిపోయాను. ఉస్తాద్ నా చెవి పట్టుకుని కాంటా దగ్గరికి లాక్కుపోయాడు.

కాంటా మీద నిలబడితే మూడు వందల గ్రాములు ఎక్కువ చూపింది. నాకేమీ కంగారు కలగలేదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పనే కదా. తూకం సార్‌తో మర్యాదగా, "బార్దాన్ తరుగు తీయాలె గద సార్" అన్నాను.

"ఏం తరుగు?"

"బస్తా జోకితె ఖాళీ సంచి బరువు తీసేస్తం గద సార్. గట్లనే గీ నిక్కరు, గీ బనీను."

ఉస్తాద్ గోడవైపు తిరిగాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. సార్ చాలా ఓపికగల మనిషి. "ఇప్పేసి ఎక్కు" అన్నాడు. చుట్టూ తువ్వాలు పట్టారు, ఇప్పేసి ఎక్కాను. ఇంకా వంద గ్రాములు. సార్ కాంటా వైపు, నా వైపు చూసి, "ఇగ సంచి లేదు బిడ్డా, సరుకే ఎక్కువున్నది" అని అరగంట గడువిచ్చాడు.

అప్పట్లో నా జుట్టు మెడ దాకా ఉండేది. దాని మీద ఎంత నూనె పోశానో, ఎన్ని అద్దాల ముందు ఆగానో నాకు తెలుసు. రోడ్డు దాటి మంగలి దుకాణంలో కూర్చున్నాను. "రాజన్న మొక్కా?" అని అడిగాడు మంగలి. బాక్సింగ్ కోసమన్నాను. అతను కత్తి నూరుకుంటూ, "మస్తు మంది దేవుళ్లకు గుండ్లు చేసిన గని, గీ దేవుని పేరు గిప్పుడే వింటున్న" అన్నాడు. మళ్లీ కాంటా ఎక్కితే అంకె సరిగ్గా నలభై ఎనిమిది దగ్గర నిలిచింది. వెండి నా జేబులో పడ్డట్టే. ఇక గంట మోగగానే రెండు దెబ్బలు తిని మర్యాదగా పడిపోవడమే మిగిలిన పని.

రింగులోకి వెళ్లబోతుంటే అగ్గిపుల్ల దగ్గరికొచ్చాడు. "అన్నా, ఎన్ని పోటీలకు వచ్చినా నా తూకంల ఒక్కడు దొర్కలే. ఊకెనే పతకం చేతుల పెట్టి పంపుతున్నరు. కొట్లాడంది సెలక్షన్ సార్లు ఎట్ల చూస్తరు? నువ్వు నా కోసం తిండి మానుకోని, గుండు గూడ చేయించుకున్నవంట. జర మూడు రౌండ్లు నిలబడు అన్నా. నీ కాళ్లు మొక్కుత."

నా జీవితంలో గిరాకీకి వచ్చినవాడు అంత మర్యాదగా అడగడం అదే మొదలు. ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. గంట మోగింది. అగ్గిపుల్ల నిజంగా అంటుకుంది. ఆ పిల్లవాడి చేతులు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపించేవి కావు, వచ్చినట్టు ముక్కుకు మాత్రం తెలిసేది. మొదటి రౌండు తర్వాత ఉస్తాద్ నీళ్లు చల్లుతూ, "చాలు గద? తువ్వాల ఏసి ఆపిస్త" అన్నాడు. మూలన కూర్చున్న సెలక్షన్ సార్లు అప్పుడే ఫోన్లు పక్కన పెట్టి, మెడలు సాచి అగ్గిపుల్లను చూస్తున్నారు. వద్దన్నాను. మూడో రౌండులో నన్ను నిలబెట్టింది ధైర్యం అనుకోకండి. పడిపోవడానికి కూడా కాస్త బలం కావాలి, అది అన్నంతోపాటే పోయింది. చివరి గంట మోగేసరికి అగ్గిపుల్ల నన్ను కౌగిలించుకుని నిలబెట్టి ఉన్నాడు.

తర్వాత బెంచీ మీద కూర్చుని, ముక్కులో దూది పెట్టుకుని మిగతా పోటీలు చూశాను. కోడె పూర్తిగా నిద్ర లేవకముందే ఎదుటివాడు పడుకున్నాడు. కళ్లజోడు మనిషి జోడు తీసి స్నేహితుడికిచ్చి, ఎదుటివాడు తప్ప లోకంలో ఇంకేమీ కనబడనట్టు కొట్టి గెలిచాడు. నా సొంత తూకంలో గెలిచినవాణ్ణి నేను అంతకుముందు ఏడాది మా షెడ్డులోనే రెండుసార్లు కూల్చేశాను. ఉస్తాద్ నా గుండు నిమిరి, "అందరి ధరలు కట్టినవ్ బేటా, అన్నీ తప్పే. నీ ధరైతె అన్నిట్ల తప్పు" అన్నాడు.

ఆదిలాబాద్ బస్టాండులో దిగింది మొదలు వీధివాళ్లంతా నా గుండు చూసి ప్రసాదం అడిగారు. మా అవ్వ గుమ్మంలోనే, "నాకు చెప్పకుంట రాజన్న కాడికి పోయినవా బిడ్డా, లడ్డేది?" అంది. సంగతి విని, మొక్కులేని గుండు ఇంటికి మంచిది కాదని బెంగపెట్టుకుంది. బాపు పతకాన్ని వేళ్ల మధ్య తిప్పాడు, గోటితో గీకాడు.

"ఎంతమందిల రెండోది?"

"ఇద్దర్ల."

బాపు నవ్వలేదు. నవ్వితే బేరం చెడుతుందని ఆయనకు తెలుసు. "సగం సరుకు తెచ్చినవ్, సగం బేరం ఇస్త. సదువు దుకాణంల కూసోని సదువు. పరీక్షలకు కరీంనగర్ పో."

ఇక నిజాయితీగా లెక్క. పోయినవి: వారం రోజుల భోజనం, ముక్కు తిన్నదనం, జుట్టు రెండుసార్లు (అవ్వ మనశ్శాంతి కోసం తర్వాత అందరం వేములవాడ వెళ్లి అసలు మొక్కు చెల్లించాం), కరీంనగర్‌లో గడపాల్సిన మూడేళ్లలో పరీక్షల రోజులు తప్ప మిగతావన్నీ. వచ్చినవి: గద్దె మీద కూర్చుని చదివిన డిగ్రీ ఒకటి, పాత తరాజు ఒకవైపు ఒరిగితే సరిచేయడానికి పాసంగంగా బాపు దారంతో కట్టిన ఆ పతకం ఒకటి. రాష్ట్ర జట్టులో చోటు అగ్గిపుల్లకు వచ్చింది, అది నా జమలో రాసుకోవడం న్యాయం కాదు. ఇప్పుడతను నస్పూర్‌లో పిల్లలకు నేర్పుతాడు. ఎప్పుడు ఫోన్ చేసినా, "అన్నా, నాతోని మొదలు కొట్లాడింది నువ్వే గదనే" అంటాడు, పక్కనున్న పిల్లలకు వినబడేలా. అన్నీ కలిపి కూడితే నష్టమే. ఆ మూడో రౌండును మాత్రం ఎటువైపు వేయాలో తేలక, ఇప్పటికీ రెండువైపులా రాయకుండా వదిలేస్తున్నాను.