ఇరవై ఐదో కణుపు

పరీక్ష రాయడానికి నేను ధర్మవరం నుంచి పెనుకొండకు పోయాను. ఆన్‌లైన్ డిగ్రీ కాబట్టి ఇంట్లో కూర్చునే రాయవచ్చు. కానీ గదిలో వేరే మనిషి ఉండకూడదు, వేరే శబ్దం వినపడకూడదు, దగ్గర కాగితం, కలం పెట్టుకోకూడదు. కంప్యూటరు కెమెరా గంటసేపూ మన ముఖాన్ని చూస్తూనే ఉంటుంది. అనుమానం వస్తే హెచ్చరిక ఇస్తుంది, మూడు హెచ్చరికలైతే పరీక్ష మూసేస్తుంది. మా ఇంటి గోడకు ఆనుకునే మూడు మగ్గాలున్నాయి. పొద్దున ఏడుకు మొదలైన చప్పుడు దీపాలు పెట్టేదాకా ఆగదు. పెనుకొండలో కొండ కింద మా చెల్లెలి ఇల్లు మాత్రం నిశ్శబ్దంగా ఉంటుంది.

అది నా చివరి పేపరు, గణితం. అన్నిటికన్నా సులువని చివరికి పెట్టుకున్నాను. ఆరేళ్ళలోపల అన్ని పేపర్లూ పూర్తి చేయాలి, లేకుంటే పాసైనవి కూడా చెల్లవు. నాకు ఆరో ఏడు నడుస్తోంది. ఇరవై మూడు పేపర్లు అయిపోయాయి, ఒక్కటి మిగిలింది.

నలభై రెండేళ్ళ వయసులో డిగ్రీ మొదలుపెట్టడానికి కారణముంది. చీర అంచు మీద వచ్చే బొమ్మను గడుల కాగితం మీద లెక్కగట్టి, ఏ వరసలో ఏ పోగు లేవాలో రాసివ్వడం నా పని. ఆ లెక్క చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు, ఆ అట్టలను బట్టి మగ్గం నేస్తుంది. ఇరవై ఏళ్ళు ఆ పని చేశాను. తరవాత కంప్యూటర్లు వచ్చి నా కాగితాలు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఊళ్ళో నేత నేర్పే కేంద్రం ఒకటి పెట్టినప్పుడు పోయి అడిగితే, లెక్క నేర్పే మాస్టరుకు డిగ్రీ ఉండాలన్నారు. నా లెక్క ఏ బడిలోనూ నేర్చుకున్నది కాదు. వేలి కణుపుల మీద నాయన నేర్పింది కొంత, పాత పుస్తకాలు చూసి నేర్చుకున్నది కొంత.

తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి పోగులు లెక్కపెడుతూ మొదటి పోగును వదిలేశాను. ఏడో పోగు నుంచి మొదలుపెట్టాలి, ఏడోదాన్ని వదిలి దాని తరవాతిదాన్నుంచి లెక్కించాను. అంచు మీది నెమలి మెడ పక్కకు జరిగిపోయింది. నాయన కొట్టలేదు.

"ఏమిరా, మొదటి పోగు ఏం పాపం చేసిందని వదిలేస్తివి?" అన్నాడంతే.

ఆ మాట తరవాత మొదటి పోగును నేను ఎప్పుడూ వదల్లేదు.

ఆన్‌లైన్ చదువు మీద నాకు కోపం లేదు, ముందే చెబుతున్నాను. అది లేకుంటే నాకు డిగ్రీ అనే మాటే లేదు. అర్థం కాని వీడియో పాఠాన్ని తొమ్మిదిసార్లు విన్నాను. తొమ్మిదోసారి కూడా సారు మొదటిసారి చెప్పినంత ఓపికగానే చెప్పాడు. ఏ క్లాసులో జరుగుతుంది అట్లా? కానీ గణితం పదకొండో పాఠంలో ఆయన ఒక తప్పు చేశాడు. ఏడుతో మొదలై నాలుగేసి పెరుగుతూ నూటమూడు దాకా పోయే వరసలో ఎన్ని సంఖ్యలున్నాయి అని అడిగి, నూటమూడులో ఏడు తీసేసి, నాలుగుతో భాగించి, ఇరవై నాలుగు అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు. మొదటి ఏడును కలపలేదు. ఇరవై ఐదు రావాలి.

తప్పులు అందరూ చేస్తారు. క్లాసులో అయితే ఎవరో ఒకరు లేచి "సార్" అంటారు, ఆయన అరచేత్తో తుడిచేసి సరిగ్గా రాస్తాడు. ఇక్కడ తుడిచే చెయ్యి లేదు. పాఠం కింద సందేహాలు రాసే చోట వివరంగా రాశాను. నెలకు మళ్ళీ రాశాను. మూడోసారి కూడా రాశాను. జవాబు రాలేదు. ఎన్నిసార్లు తెరిచి చూసినా ఆయన అదే ఇరవై నాలుగు రాసి, అవే రెండు గీతలు కొట్టేవాడు.

పరీక్ష పొద్దున పది గంటలకు. చెల్లెలు నాకు పొద్దుటి తిండికి ఉగ్గాని పెట్టి, మిక్సీ తీగ పీకేసి, కుక్కరు పక్కన పెట్టింది. ముందురోజు అక్కడే నేను చేసిన రిహార్సలు చూసింది కాబట్టి ముందే హెచ్చరించింది.

"అన్నా, లెక్కేసేటప్పుడు పైకి చూస్తాండావు నువ్వు. ఆ కప్పు దంతెల్లో ఏముండాది? బల్లి తప్ప."

"అలవాటు లేమ్మా."

"అలవాటని కెమెరాకు చెప్పుకో పో. నేను వాకిట్లో కూర్చుంటా, ఎవుర్నీ రానియ్యను."

నాలుగో ప్రశ్న దగ్గర తెర పైన ఎర్ర గీత వచ్చింది. ముఖం ఎదురుగా పెట్టమని. పైకి చూసినట్టున్నాను. పన్నెండో ప్రశ్న దగ్గర రెండోది, మాట్లాడుతున్నారని. పెదవులు కదిలాయి కాబోలు. అప్పటినుంచి పళ్ళు బిగబట్టి చేశాను. పదిహేడో ప్రశ్న తెరిచేసరికి పదకొండో పాఠంలోని ఆ వరసే ఎదురుగా ఉంది. ఏడు, పదకొండు, పదిహేను, నూటమూడు దాకా. కింద నాలుగు జవాబులు: ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై ఆరు, ఇరవై ఏడు.

ఇరవై ఐదు లేదు.

నాకు నా మీదే అనుమానం వచ్చింది. మొదటి నుంచి లెక్కపెట్టాను. బొటనవేలితో తడుముతూ పోతే ఒక చేతికి పన్నెండు కణుపులు. రెండు చేతులకు ఇరవై నాలుగు. రెండు చేతులూ నిండిపోయాక ఇంకొకటి మిగిలింది, మళ్ళీ చూపుడువేలు మొదటి కణుపు మీదికి రావలసి వచ్చింది. ఇంకోసారి చేశాను. మళ్ళీ ఒక కణుపు మిగిలింది. అప్పటికి నేను కెమెరాను మరిచిపోయాను. కళ్ళు దంతెల మీద ఉన్నాయి, పెదవులు ఆడుతున్నాయి. కిందికి చూసేసరికి తెర మీద ప్రశ్న లేదు.

చెల్లెలు తలుపు తోసింది. "ఏమైందన్నా, అప్పుడే అయిపోయిందా?"

"మూసేసింది."

"ఎవురు?"

"అదే."

ఆమె కంప్యూటరు వైపు చూసి, పోయి మిక్సీ తీగ తగిలించింది.

మరుసటి దినం రైల్లో హిందూపురం పోయాను. మా చదువుకు సంబంధించిన కేంద్రం అక్కడ ఒక మేడ మీది గది. అందులో ఒక్క గుమాస్తా. ఆయన నా పరీక్ష వివరం తెరిచి చదివాడు. "పక్కన ఎవురితోనో మాట్లాడినాడు, చేతులతో సైగలు చేసినాడు అని రాసుండాది చూడప్పా."

నేను చేతులు చాపి కణుపుల లెక్క చూపించాను. ఆయన నవ్వాడు.

"మా అవ్వ గూడా ఇట్లే లెక్కేసేది. ఏం చేద్దువు, మిషన్‌కు అవ్వ లేదు కదా!"

పదకొండో పాఠం సంగతి కూడా చెప్పాను. ఆయన నవ్వు ఆపి మెల్లగా చెప్పాడు. "ఆ సారు కాంట్రాక్టు మీద వచ్చినోడు. వీడియోలు తీసుకున్న రెండు నెలలకే ఆయన్ను వద్దన్నారు. యాడుండాడో ఎవురికి తెలుసు? నువ్వు రాసినవి చదివే మనిషే లేడబ్బా. ప్రశ్నలు గూడా ఆ వీడియోల్లోంచే తీస్తారు."

ఆరేళ్ళు ఆ ముఖాన్ని చూశాను. మా వీధి వాళ్ళ ముఖాలకన్నా ఎక్కువగా చూశాను. తన తప్పు ఇంకా ప్రతిదినం ఎవరికో ఒకరికి వినపడుతోందని ఆయనకు తెలియదు.

గుమాస్తా మంచివాడు. నాతో అర్జీ రాయించి పంపాడు. ఇరవై దినాలకు ఇంకొక్క అవకాశం ఇస్తూ జవాబు వచ్చింది. ఇదే ఆఖరు, ఆరేళ్ళ గడువు అంతటితో సరి.

కదలకుండా లెక్క చేయడం నేర్చుకోవలసి వచ్చింది. మా ఇంటామె ఎదురుగా కూర్చుని నా పెదవులకు కాపలా కాసింది.

"పెండ్లయిన కొత్తల్లో నువ్వు నాతో మాట్లాడుతాండావనుకుని 'ఆఁ? ఆఁ?' అనేదాన్ని. నాతో కాదని తెలిసేసరికి ఆర్నెల్లు పట్టె," అంది.

చేతులు తొడల కింద పెట్టుకుని ఇరవై లెక్కలు చేస్తే ఏడు తప్పాయి. చిన్నప్పటినుంచి నాకు అన్ని తప్పులు ఎప్పుడూ రాలేదు. పది దినాలు పట్టుబట్టాక తప్పులు నాలుగుకు తగ్గాయి, ఆపైన తగ్గలేదు.

రెండోసారి కూడా పెనుకొండలోనే రాశాను. గంటసేపు బొమ్మలాగా కూర్చున్నాను. ఒక్క హెచ్చరిక రాలేదు. యాభై ప్రశ్నల్లో ఇరవై ఆరే చేయగలిగాను. లెక్క తేలనివాటికి గుడ్డిగా గుర్తు పెట్టడం చేతకాక వదిలేశాను. ఇరవై ఎనిమిదో ప్రశ్నగా ఆ వరసే మళ్ళీ వచ్చింది. జవాబులు అవే నాలుగు. ఈసారి లెక్కపెట్టలేదు. ఇరవై నాలుగు మీద గుర్తు పెట్టి తరవాతి ప్రశ్నకు పోయాను.

ప్రశ్నకు రెండు మార్కులు, పాసు కావడానికి నలభై. నాకు సరిగ్గా నలభై వచ్చాయి. ఏది ఒప్పో ఏది తప్పో ఫలితాల పట్టీలో కనిపిస్తుంది. ఇరవై ఎనిమిదో ప్రశ్న పక్కన ఒప్పు గుర్తు ఉంది. అది లేకుంటే ముప్పై ఎనిమిది. ఆరేళ్ళూ, ఇరవై మూడు పేపర్లూ పోయుండేవి.

చెల్లెలు సంతోషంతో ఫోనులో ఏడ్చినంత పని చేసింది. నేను "ఊఁ" అన్నాను.

ఇప్పుడు నేను నేత కేంద్రంలో మాస్టరుగా ఉన్నాను. మొదటి దినం గడుల కాగితం పంచి, మొదటి పోగును ఎవరూ వదలకూడదని చెప్పాను. నేర్చుకునేవాళ్ళలో మా వీధి కోడలు ఒకామె ఉంది. పోయిన ఏడు ఆమె కూడా అదే డిగ్రీలో చేరింది. ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలకు లేచాక ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. తెర మీద సారు రెండు గీతలు కొడుతున్నాడు.

"మామా, ఈ సారు మొదటిదాన్ని లెక్కలోకి తీసుకోలేదు చూడు. ఇరవై ఐదు కదా రావాల?"

"అవునమ్మా."

"మరి పరీక్షలో ఏం పెట్టల్ల?"

ఆమె కుడిచేతి బొటనవేలు చూపుడువేలు మొదటి కణుపు మీద ఆగి ఉంది. నేను కిటికీ వైపు చూశాను.

"ఇరవై నాలుగు పెట్టమ్మా," అన్నాను. "చెయ్యి కిందికి పెట్టుకుని రాయి. కెమెరాకు కనపడనీయద్దు."