నిలబడి నీళ్లు తాగమన్నాడు బాపు

మా ఇంట్లో ఏ ప్రశ్నకూ సూటిగా జవాబు దొరికేది కాదు. మా నాన్న, బాపు అంటాం, ఏదడిగినా సామెత చెప్పేవాడు. బడి పిల్లలను బాసరకు తీసుకుపోతున్నారు, నన్నూ పంపుతావా అని అడిగితే "దూరపు కొండలు నున్నగుంటయి బిడ్డా" అన్నాడు. పంపుతున్నట్టా, పంపనట్టా? ఇంకోసారి చెప్పు తెగిపోయింది, కొత్తవి కావాలంటే "ముందున్నది ముసళ్ల పండుగ" అన్నాడు. రెండుసార్లూ నేను ఏడ్చాను. అవ్వ, అంటే మా అమ్మ, బీడీల చాట ముందేసుకుని ఆకు కత్తిరిస్తూ కూర్చుంది.

మాది కరీంనగర్ వైపు ఒక నేత ఊరు. ఏ వాడలోకి పోయినా సాంచెల చప్పుడే. మరమగ్గాలను మేము సాంచెలంటాం. బాపు వేరేవాళ్ల షెడ్డులో ఎనిమిది సాంచెలు ఒక్కడే చూసుకునేవాడు. పొద్దున పోతే మధ్యాహ్నం బువ్వకు ఒకసారి, మళ్లీ పొద్దుగూకినాక ఇంటికి వచ్చేవాడు. కనుబొమల మీద కూడా దూది పీచు అంటుకుని ఉండేది. తక్కువ మాట్లాడే మనిషి. అయినా వాడలో తెలివిగలవాడని పేరు. ఎవరింట్లో పంచాయితీ పడ్డా, ఎవరి పిల్లకు సంబంధం వచ్చినా మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవాళ్లు. వాళ్లు చెప్పుకుంటున్నంతసేపూ బాపు ముఖంలోకి చూస్తూ తలూపేవాడు. చివరకు ఒక సామెత చెప్పేవాడు. "నిదానమే ప్రధానం" అని విన్నవాడు నెమ్మదిగా లేచిపోయేవాడు. "ఆలస్యం అమృతం విషం" అని విన్నవాడు ఉరికేవాడు. ఇద్దరూ సంతోషంగానే పోయేవాళ్లు.

"నీ బాపు ఒక్క ముక్కల తేల్చి చెప్తడు" అని నాతో అనేవాళ్లు. నాకూ గర్వంగానే ఉండేది, ఆ ఒక్క ముక్క నా మీద పడేదాకా.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీ అయింది, తెలుగు పండిట్ శిక్షణ అయింది. ఆదిలాబాద్ అడవుల వైపు ఒక వసతి పాఠశాలలో తెలుగు టీచరుగా ఎంపికయ్యానని ఉత్తరం వచ్చింది. నాలుగు రోజుల్లో చేరాలి. మూడు బస్సులు మారాలి. అక్కడ పిల్లలు ఇంట్లో గోండి మాట్లాడతారని, బజారులో మరాఠీ కలిసిన తెలుగు వినిపిస్తుందని ఎవరో చెప్పారు. భయం వేసింది. కానీ భయం కంటే ఆశే ఎక్కువగా ఉంది. ఆ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు.

ఆ రోజు అవ్వ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. బాపు బువ్వకు వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన ముఖంలోకి చూసి అడిగే ధైర్యం నాకు లేదు. పొయ్యి వైపు తిరిగి రొట్టె కాలుస్తూ అంతా చెప్పాను. ఉద్యోగం వచ్చింది, దూరం, అక్కడే ఉండాలి, ఆడపిల్లను ఒక్కదాన్ని, అయినా పోవాలని ఉంది, ఏమంటావు బాపూ? అంత పొడుగ్గా నేను ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. రొట్టె ఒక పక్క మాడిపోయింది.

వెనక్కి తిరిగేసరికి బాపు నన్నే చూస్తున్నాడు. మెల్లగా, "పరుగెత్తి పాలు తాగుడుకంటె నిలవడి నీళ్లు తాగుడు మేలు బిడ్డా" అన్నాడు. చెయ్యి కడుక్కుని, పోయేటప్పుడు నా తల నిమిరాడు.

అంటే వద్దన్నట్టే కదా? ఇంకేముంది అర్థం చేసుకోవడానికి?

సాయంత్రం అవ్వతో "బాపు వద్దన్నడు" అని చెప్పాను. "ఏదో మంచిచెడ్డలు సోంచాయించే అని ఉంటడు తియ్యి" అంది అవ్వ. నాలుగు రోజులు గడిచిపోయాయి. ఐదో రోజు ఉత్తరాన్ని పెట్టె అడుగున, పరిచిన పేపరు కింద పెట్టేశాను.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు ప్రైవేటు బళ్లలో పనిచేశాను. ఒక బడిలో తెలుగుతో పాటు డ్రాయింగు కూడా నేనే చెప్పాను. ఇంకో బడిలో గేటు దగ్గర నిలబడి పిల్లల బూట్లకు పాలిష్ ఉందా లేదా చూడటం కూడా నా పనే. నాతో పాటు శిక్షణ పొందిన ఒకామె అదే పాఠశాలకు పోయింది. ఇప్పుడు అక్కడే ప్రిన్సిపాల్. ఒకసారి పేపరు దిద్దే డ్యూటీలో కలిసినప్పుడు, తన పిల్లలు మొదటిసారి వాళ్ల ఊరి కథలు తెలుగులో రాసిన సంగతి గంటసేపు చెప్పింది. మధ్యలో "నువ్వెందుకు రాలే?" అని అడిగింది. మా బాపు ఒక సామెత చెప్పిండని ఎట్లా చెప్పను? ఆరోగ్యం బాగాలేదని అబద్ధమాడాను.

చివరకు నాకూ ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. చొప్పదండి దగ్గర ఒక హైస్కూల్లో. ఉన్న ఊరి నుంచే రోజూ బస్సులో పోయి వస్తాను. అక్కడ ఎనిమిదో తరగతికి సామెతలు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. పెద్దల మాట చద్దిమూట అని బోర్డు మీద రాసి, అనుభవసారమని, ఈ కాలానికీ దారి చూపుతాయని నోటికొచ్చింది చెప్పేదాన్ని. ఒక రోజు వెనక బెంచీ పిల్ల లేచి నిలబడింది.

"మేడం, నిదానమే ప్రధానం అన్నరు, ఆలస్యం అమృతం విషం అన్నరు. రెండిట్ల ఏది నిజం?"

"ముందు రాసుకో, కూర్చో" అని కసిరాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. ఆ ప్రశ్నకు జవాబు తెలిస్తే తొమ్మిదేళ్లు ఎందుకు పోగొట్టుకుంటాను?

పోయిన ఏడాది కూరగాయల మార్కెట్టు దగ్గర ఒక సంగతి జరిగింది. బాపు ముందు నడుస్తున్నాడు, సంచి పట్టుకుని నేను నాలుగడుగులు వెనక. రోడ్డు మధ్యకు పోయాడు. వెనక నుంచి వచ్చిన లారీ గట్టిగా హారన్ కొట్టింది. బాపు పక్కకు జరగలేదు. నేను అరిచాను. ఆయన తిరిగి కూడా చూడలేదు. పండ్ల బండివాడు బాపు చేయి పట్టి గుంజకపోతే ఏమయ్యేదో. బాపు మోకాలు కొట్టుకుపోయింది.

డ్రైవరు కిందికి దిగి, "చెవులు లేవా ముసలోడా?" అని మీదికొచ్చాడు. బాపు అతని ముఖం చూసి, "నోరు మంచిగుంటె ఊరు మంచిగుంటది బిడ్డా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. డ్రైవరుకూ కోపం పోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అంత పెద్ద హారన్ ఈయనకు ఎందుకు వినపడలేదు?

మరుసటి వారం అవ్వనూ బాపునూ తీసుకుని కరీంనగర్‌లో చెవుల డాక్టరు దగ్గరికి పోయాను. బాపును అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలని సైగలతో చెప్పారు. బాపు ఠక్కుఠక్కున నొక్కుతున్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. పరీక్ష చేస్తున్న అమ్మాయి మాత్రం ముఖం చిట్లించి, లేచి వెళ్లి బాపు కుర్చీని గోడ వైపు తిప్పింది. అంతే, బటన్ ఆగిపోయింది. అప్పటిదాకా ఆయన చప్పుడు విని కాదు, ఆ అమ్మాయి తల ఎత్తినప్పుడల్లా నొక్కుతున్నాడు.

"ఎన్నేళ్ల నుంచి ఇట్లుంది?" అని డాక్టరు అడిగాడు.

నేను తెలియదనేలోపు అవ్వ జవాబు చెప్పింది. "ఈ పిల్ల బడికి పోవుడు షురువు జేసినప్పటి సంది సారూ. అప్పుడు జర తక్కువుండె. తర్వాత మొత్తం పాయె."

నేను వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను.

దవఖాన బయట బెంచీ మీద అవ్వను పట్టుకుని అడిగాను. "ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలే?"

"ఎవలకు చెప్పుదు? సాంచె నడిపెటోనికి చెవుడంటె పనిలకెల్లి తీసేస్తరు. ఎవలకూ చెప్పద్దని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. షెడ్డుల సాంచెల చప్పుడుకు అందరు సైగలతోనే మాట్లాడుకుంటరు గనుక అక్కడ ఎవలకూ తెల్వలే. ఇంట్ల నేను ఎదురుంగ నిలవడి మాట్లాడుతుంటి."

నిజమే. అవ్వ ఎప్పుడూ ఆయన ఎదురుగా పోయి నిలబడే మాట్లాడేది. అది ఆమె అలవాటనుకున్నాను.

"మరి నా ఉద్యోగం సంగతి? నువ్వన్న బాపును అడగకపోతివా?"

"బాపు వద్దన్నడని నువ్వే చెప్తివి. మల్ల నేనేం అడుగుదు?"

బాపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. నేను ఆయన ఎదురుగా కూర్చుని ఒక్కొక్క మాటా విడదీసి అడిగాను. ఆదిలాబాద్ ఉద్యోగం, పొయ్యి దగ్గర నేనడిగిన రోజు, ఆయన చెప్పిన సామెత. బెంచీ మీద ఉన్న మిగతా జనం మమ్మల్నే చూస్తున్నారు. బాపుకు చాలాసేపటికి గుర్తొచ్చింది.

"నువ్వు అటు తిరిగి ఉంటివి. ఏమన్నవో ఇనవడలే. ఇటు తిరిగినంక జూస్తె నీ కండ్లల్ల నీళ్లు. ఏదో ఫికర్ వెట్టుకున్నవనుకున్న. తొందరపడకు, నిమ్మళంగుండు అని ధైర్యం చెప్పిన."

"ఇనవడలేదని అనొచ్చు గద!"

"అంటె మనుషుల చూపులు ఏరేగుంటయి" అన్నాడు. "సామెత చెప్తె ఎవలకన్న అతుకుతది. తెల్విగలోడంటరు. చెవిటోడనరు."

నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. పని పోతుందని భయపడ్డ మనిషి మీదనా? ఒట్టు నిలబెట్టుకున్న అవ్వ మీదనా? పొయ్యి వైపు తిరిగి అడిగిన నా మీదనా?

రెండు వారాలకు చెవి మిషన్ వచ్చింది. పెట్టగానే బాపు ఫ్యాను వైపు చూశాడు. "గిది గింత లొల్లి జేస్తదా?" అన్నాడు. తన అన్నం తాను నమిలే చప్పుడుకు తానే ఉలిక్కిపడ్డాడు. నాలుగు రోజులు ఆగి, నేను మళ్లీ అదే ప్రశ్న అడిగాను. అర్థంలేని పనని తెలుసు. అయినా అడగకుండా ఉండలేకపోయాను. నిన్ననే ఉత్తరం వచ్చినట్టు అంతా చెప్పాను.

బాపు ఈసారి సామెత చెప్పలేదు. "ఉండుటానికి అర్ర ఇస్తరా?" అని అడిగాడు. ఇస్తారని చెప్పాను. "ఆడ పంతులమ్మలు ఎంతమంది? పండుగలకు పంపుతరా? నీళ్లు మంచియేనా?" అన్నిటికీ జవాబు చెప్పాను.

"పొమ్మందును" అన్నాడు చివరకు. "నేనే అచ్చి దిగవెట్టి పోదును." మళ్లీ, "నువ్వన్న మల్లొకసారి అడగకపోతివి. అడగందే అవ్వయిన బువ్వ వెట్టదు" అన్నాడు.

"ఇంకొక్క సామెత చెప్పినవంటె మంచిగుండదు బాపూ!" అని అరిచి బయటికి వచ్చేశాను. రెండు వీధుల అవతల ఇప్పుడు నేను వేరుగా ఉంటున్న ఇంటికి పోయి, మూడు రోజులు అటువైపు పోలేదు. ఆ సామెత తప్పయి ఉంటే అంత కోపం వచ్చేది కాదు.

మొన్న వాడలో ఒకామె తన కొడుకు ఇక్కడి సాంచెలు విడిచిపెట్టి మహారాష్ట్రలోని భివండికి పోతానంటున్నాడని బాపు దగ్గరికి వచ్చింది. బాపు మిషన్ పెట్టుకుని అరగంట విన్నాడు. అక్కడ ఎవరున్నారు, ఏం పని, పిల్లవాడు ఏమంటున్నాడు అని అడిగాడు. ఆఖరుకు "నాకు తెల్వదు బిడ్డా, వాడు ఎందుకు పోతనంటుండో వాన్నే కూసుండవెట్టి అడుగు" అన్నాడు. ఆమె వీధిలో నన్ను ఆపి ఫిర్యాదు చేసింది. "గా మిషన్ వెట్టినప్పటి సంది మీ బాపు మునుపటిలెక్క మంచిగ చెప్తలేడు."

ఏమని చెప్పాలి ఆమెకు? ఊరికంతటికీ వినని మనిషే నచ్చాడు.

ఈమధ్య బాపు కూడా అది పసిగట్టాడు. మనుషులు వచ్చే వేళకు మిషన్ తీసి డబ్బాలో పెట్టేస్తున్నాడు. అడిగితే చెవి నొస్తుందంటాడు. నిన్న బడి నుంచి నేరుగా బాపు దగ్గరికి వస్తే అరుగు మీద అన్నదమ్ములు ఇద్దరు కూర్చుని వాటాల గురించి గట్టిగట్టిగా మాట్లాడుతున్నారు. బాపు ఒకసారి పెద్దవాడి ముఖం, ఒకసారి చిన్నవాడి ముఖం చూస్తూ తలూపుతున్నాడు. ఏ సామెత అతుకుతుందా అని వెతుక్కుంటున్నట్టు ఆయన పెదవులు కదులుతున్నాయి. నేను సంచి కూడా దించకుండా లోపలికి పోయి డబ్బా తెచ్చాను. బాపు తల పక్కకు తిప్పుకున్నాడు. గదుమ పట్టుకుని ఇటు తిప్పి, మిషన్ చెవికి పెట్టి, బటన్ నొక్కాను.

"మీరు మల్ల మొదటి నుంచి చెప్పుండ్రి" అన్నాను ఆ అన్నదమ్ములతో.

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బాపు నా వైపు గుడ్లురిమి చూశాడు. నేను కదలకుండా అక్కడే గడపలో కూర్చున్నాను. కాసేపటికి పెద్దవాడు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.