అక్క పాటలో ఫ్యాను మోత

శబ్దం తగ్గించమని ఇస్తే, నంద్యాలలో రిపేరు షాపతను నా చిన్న కంప్యూటరు లోపల ఫ్యాను వైరు పీకేసి పంపాడు. పీకినట్టు నాకు చెప్పనైనా లేదు.

అది నేను వినోదానికి కొన్న పెట్టె కాదు. దొర్నిపాడు నుంచి మా అక్క, ఆళ్లగడ్డలో మా ఇంట్లో వారం ఉందామని వచ్చింది. ఆమెకు వచ్చిన విసుర్రాయి పాటలు ఇప్పుడు ఇంకెవరికీ రావు. రాయి తిప్పకుండా పాడమంటే ఒక్క చరణమూ గుర్తురాదు. "ఈసారికి తిప్పుతా. వచ్చే యాడాదికి ఈ రెక్కలు ఆడతాయో లేదో" అంది. మైకు పెట్టి ఆ పెట్టెలోకి రికార్డు చేశాను. తర్వాత వింటే పాట వెనక పెట్టె ఫ్యాను రొద.

"ఇంత ఇసుర్రాయి మోగతాంటే నీకు ఆ ఈగ మోత ఇనపడతాండాదా?" అంది అక్క.

"రాయి మోత పాటలోదే. ఫ్యాను మోత ఎవరి పాటలోది?" అన్నాను.

నంద్యాల నుంచి తెచ్చాక పెట్టె కిమ్మనలేదు. కోడలు అత్తను ఏడిపించే పాట ఎత్తుకుంది అక్క, అన్నిట్లోకీ పొడుగైనది. సగం దాటాక తెర నల్లబడింది. పెట్టె మీద చెయ్యి వేస్తే పెనంలా కాలింది. పాట పోయింది. శేరు జొన్నలు మాత్రం పిండయ్యాయి.

"మళ్లా పాడితే మళ్లా పిండే. తినేదెవురు?" అంది అక్క.

"నేను తింటా" అన్నాను కోపంగా.

ఐదో తరగతితో బడి మానినా, బావి మోటారు బేరింగు పోయిందని ఒడ్డు మీద నుంచే చెవితో విని చెప్పినవాణ్ణి నేను. పెట్టె విప్పాను. ఫ్యాను రెక్కల నిండా దూదిలాంటి దుమ్ము, దులిపాను. నడుమ స్టిక్కరు లేపి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేశాను. పాత సైకిలు ట్యూబు కత్తిరించి, అదురు ఎక్కకుండా ఫ్యానుకూ పెట్టెకూ మధ్య నాలుగు రబ్బరు బిళ్లలు పెట్టాను. షాపతను పీకేసిన వైరు మళ్లీ తగిలించాను. గాలి కంతల దగ్గర కాగితం రెపరెపలాడింది గానీ చెవికి ఏమీ అందలేదు.

అక్క ఊరికి వెళ్లే ముందురోజు ఇంకో శేరు జొన్నలు పోశాం. పాట చివరిదాకా ఎక్కింది.

ఆ పిండితో చేసిన రొట్టెలు తింటూనే షాపతనికి ఫోనులో పెద్ద ఉత్తరం పంపాను: అతను చేసిన తప్పేమిటో, రబ్బరుతో నేను దాన్ని ఎలా దిద్దానో. తప్పు ఒప్పుకుని నాకు క్షమాపణ చెప్పమన్నాను. మూడు రోజులకు జవాబు వచ్చింది:

"పెద్దాయనా, శబ్దం వద్దంటివి, లేకుండా చేస్తి. గాలి కావాలని నువ్వు యాడ చెప్తివి? సరేలే, తప్పే. ఇంకో నలుగురికి ఇట్లే వైరు పీకి ఇచ్చినా. వాళ్లు నా మీదికి వచ్చేలోపల ఆ రబ్బరు ఎంత మందమో చెప్పప్పా."