ఖాళీగా వచ్చిన డబ్బా

పొద్దున మేడ మీద కిరాయికుండే అమ్మాయి నా స్టీలు డబ్బా తెచ్చిచ్చింది. ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. రాత్రి డ్యూటీ దిగి వచ్చి, నిద్రమొహంతోనే తళతళలాడేటట్టు తోమి మరీ ఇచ్చింది. "పప్పు మస్తుగుండె అక్కా" అని పైకి వెళ్లిపోయింది. మూత తీశాను. ఖాళీ. ఆ పిల్ల తప్పేం లేదు, ఈ రోజుల్లో డబ్బా తోమి ఇవ్వడమే ఎక్కువ. అయినా నేను డబ్బా పట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను.

మా ఎదురింట్లో ఒక ముసలి జంట ఉండేది. నేను పాల్మాకుల నుంచి శంషాబాద్‌కు కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆమెను ఖాలా అనీ, ఆయనను చాచా అనీ పిలిచేదాన్ని. చాచా లారీ నడిపి నడిపి ఉబ్బసం తెచ్చుకున్నాడు. పిల్లల్లేరు. ఖాలాకు ఒక పట్టింపు ఉండేది. ఎవరింటి గిన్నెనూ ఖాళీగా తిరిగి పంపదు. నేను బీరకాయ కూర పంపితే సేమియా వచ్చేది, సకినాలు పంపితే ఖర్జూరాలు వచ్చేవి. రెండిళ్ల మధ్య తిరిగి తిరిగి ఆ డబ్బా మూత సొట్టపోయింది.

కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. నెత్తి మీద మోత లేకపోయేసరికి చాచాకు నిద్ర పట్టేది కాదట. "ఇన్ని దినాలు మోతకు నిద్ర పడ్తలేదన్నడు, ఇప్పుడు మోత లేక పడ్తలేదంటున్నడు. ఇంటి మీద నేను నడపాల్నా విమానం?" అని ఖాలా కిటికీలోంచి మొత్తుకునేది.

చాచాకు ఆ రోగం తగిలితే బతకడని దవాఖానలో చెప్పారు. అందుకని వాళ్ల బయటి పనులన్నీ నేనే నెత్తినేసుకున్నాను. వాళ్ల గేటు ముందు ప్లాస్టిక్ స్టూలు వేసి, కూర డబ్బా, చాచా పీల్చుకునే మందు దాని మీద పెట్టి, గంట కొట్టి మా గడప దగ్గరికి వచ్చేసేదాన్ని. ఖాలా ముక్కుకు దుపట్టా చుట్టుకుని వచ్చి తీసుకునేది. మాటలన్నీ గల్లీకి అటొకరం ఇటొకరం నిలబడే.

"డబ్బాల ఏం పెట్టకు ఖాలా, సబ్బుతోని కడిగియ్యి చాలు" అన్నాను. మొహం మాడ్చుకుంది.

"ఖాళీ డబ్బా ఎట్లిస్త బేటీ? మా అమ్మ నాకు గట్ల నేర్పలే."

పోట్లాడి పోట్లాడి చివరికి తన కుండీలోని పుదీనా రెండు రెమ్మలకు ఒప్పుకుంది. నేను వాటిని ఉప్పునీళ్లలో కడిగి పచ్చడి నూరేదాన్ని. "మీరిద్దరు గలిసి నన్ను మేకను జేస్తున్నరు" అని మా ఆయన గొణిగేవాడు.

ఒక సాయంత్రం స్టూలు మీద డబ్బా మామూలుగానే ఉంది. మూత తీస్తే పుదీనా లేదు. గేటు వైపు పరుగెత్తబోతే ఖాలా కిటికీలోంచే ఆపింది.

"ఆడ్నే ఆగు. పొద్దట్నుంచి జ్వరమున్నది నాకు. నా చెయ్యి తాకిందేది నీ ఇంటికి రావద్దని ఏం పెట్టలే. డబ్బా గూడ మసిలే నీళ్లల్ల కడిగిన. ఆయనను అవతలి రూముల ఉంచిన, జర చూస్కో బేటీ."

అంబులెన్సులోకి తనంతట తానే నడిచి ఎక్కింది. దగ్గరికి రావద్దని చేత్తో సైగ చేస్తూనే ఎక్కింది. ఇన్నేళ్లు నా గిన్నెలు నింపిన ఆ చేతిని ఒక్కసారి పట్టుకోలేకపోయాను. గడపలో నిలబడి ఏడ్చాను, అంతే. ఖాలా తిరిగి రాలేదు. మేమంతా ఎవరి కోసం భయపడ్డామో ఆ చాచాకు ఏమీ కాలేదు.

ఖననం అయిన మర్నాడు ఖిచిడీ చేసి స్టూలు మీద పెట్టి వచ్చాను. సాయంత్రానికి డబ్బా బరువుగా తిరిగొచ్చింది. లోపల పుదీనా, వేళ్లతో సహా, మట్టితో సహా. ఎట్లా తెంపాలో తెలియక చాచా మొక్కనే పీకేశాడు. గేటు లోపల తలవంచుకుని నిలబడ్డాడు.

"ఖాళీగ ఇస్తే ఆమె ఊకుంటదా బేటీ" అన్నాడు.

ఆ వేళ్లను మా పెరట్లో నాటాను. తర్వాత చాచా మామిడిపల్లిలో తమ్ముడింటికి వెళ్లి, అక్కడే పోయాడు. విమానాలు మళ్లీ మా నెత్తి మీద నుంచే తిరుగుతున్నాయి. పుదీనా ప్రతి ఎండాకాలం ఎండిపోయి వానలకు మళ్లీ చిగురిస్తోంది. అదంతా ఎప్పుడో గడిచిపోయిందని అందరూ అంటారు. ఆ సాయంత్రం ఖాళీ డబ్బా మూత తీసిన క్షణం మాత్రం నాకు ఇంకా గడవలేదు.