పెద్దనాయన తాగిన రోజు

మా పెద్దనాయనది ఎమ్మిగనూరులో చేతిమగ్గం. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కొత్త నూలు కండె పెట్టినప్పుడల్లా దారం కొసను నాడె రంధ్రంలోంచి నోటితో పీల్చి, నాలుకతో అందుకునేవాడు. ఆదోనిలో జ్ఞానదంతం పీకించుకున్నాక ఆ కొస నాలుకకు దొరకడం మానేసింది. నాలుక ఎడమ సగం మొద్దుబారిపోయింది. ఒకరోజు నాలుక కోసుకుపోయిన సంగతి, తెల్లటి నూలు ఎర్రబడితే గానీ ఆయనకు తెలియలేదు.

డాక్టరు దగ్గరికి తోడు పోయింది నేనే. "కదలడానికేం లోపం లేదు. ఎక్కడ తగులుతోందో నాలుకకు తెలియడం లేదు, అంతే. స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు.

పెద్దనాయన తన మాట తానే వింటూ, తప్పినచోట దిద్దుకుంటూ నిదానంగా మాట్లాడడం నేర్చుకున్నాడు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో తేడా తెలిసేది కాదు. మగ్గాల చప్పుడులో మాత్రం మాట ముద్దయిపోయేది.

మా వాళ్లలో తాంబూలాలు మార్చుకునేటప్పుడు లగ్నపత్రిక పైకి చదివేది పెద్దవాళ్లే. మా వీధిలో ఎవరింట్లోనైనా ఆయనే చదివేవాడు. ఈసారి సొంత మనవరాలిది. ఆయన కొడుకు, అంటే మా అన్న, వద్దన్నాడు. పెద్దనాయన మూడు రోజులు తలుపేసుకొని సాధన చేసి, ఒక్క తప్పు లేకుండా చదివి చూపించాడు.

"సరే నాయనా, నువ్వే సదువు" అన్నాడు అన్న.

మగపెళ్లివాళ్లు పెద్దకడుబూరు నుంచి వచ్చారు. మంటపంలో డోలు, పైగా మైకు. ఆయన పలికిన మాట అవతలి గోడ దగ్గరి స్పీకరు పెట్టెలోంచి కాస్త ఆలస్యంగా తిరిగొస్తోంది. చెవిని నమ్ముకున్న మనిషి, ఆ తిరిగొచ్చే మాట వెంట పడ్డాడు. రెండో వరుసకే మాటలు ఒకదానిమీదొకటి పడిపోయాయి.

"ఏమప్పా, పెద్దాయనకు పొద్దున్నే పడినట్టుందే!" అన్నాడు వరుడి మేనమామ. అందరూ నవ్వారు. పక్కనున్న ముసలామె నవ్వలేదు. "పడిందో, పక్షవాతమో? ఇంట్లో ఇట్లాంటి రోగాలుంటే ముందే సెప్పాల గదా."

అన్న మైకు లాక్కున్నాడు. "రోగం గీగం ఏం లేదమ్మా. మనవరాలి సంబరం, రొంత తాగినాడు. మన్నించండి." నావైపు తిరిగాడు. "నువ్వు సెప్పురా."

డాక్టరు మాటలు నాకు పొల్లుపోకుండా గుర్తున్నాయి. "తాగినాడు" అన్నాను.

సారా వాసన వస్తే ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టని మనిషి. "నేను తాగలేదు" అని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెప్పాడు. తొందరపడేకొద్దీ ముద్దముద్దగా వచ్చింది.

"తాగినోళ్లందరూ అదే మాట తాతా!" అన్నారు కుర్రాళ్లు. మత్తు దిగుతుందని ఒకడు మజ్జిగ తెచ్చిచ్చాడు. తాగాడు.

సంబంధం ఖాయమైంది. వాళ్ల బండ్లు కదిలాక, డోలు ఆగిపోయిన మంటపంలో పెద్దనాయన, కొడుకు ముందు నిలబడి, అక్షరం అక్షరం విడివిడిగా, స్పష్టంగా అన్నాడు.

"నేను తాగలేదు."

"తెలుసులే నాయనా" అన్నాడు అన్న, కుర్చీలు మడుస్తూ. "పెండ్లిలో గూడా తాగినట్టే ఉండు."