నిలబడినట్లు ధ్రువీకరణ

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను అరకు వైపు మండలాల్లో ఒకదానికి డిప్యూటీ తహసీల్దారుగా వేశారు. మండలం పేరు చెప్పను, అప్పటివాళ్ళు ఇంకా సర్వీసులో ఉన్నారు. తహసీల్దారు తర్వాత సంతకం పెట్టే హోదా నాది. ఆయన సెలవులో ఉంటే తిట్లు తినే హోదా కూడా నాదే.

అప్పగించిన పని పోడు పట్టాలు. అడవి అంచున కొండవాలు సాగుచేసుకునేవాళ్ళకి హక్కుపత్రం రావాలంటే, దరఖాస్తుదారు తన చేనులో నిలబడిన ఫొటో కావాలి. సర్వేయరు కొండలెక్కి ఫోన్లో ఫొటోలు తీసుకొచ్చాడు. పై ఆఫీసు వాటిని తిప్పికొట్టింది. ఫొటోలను ఫొటోలుగా పంపరాదట, పీడీఎఫ్‌గా మార్చి పోర్టల్లో ఎక్కించాలట.

మా కాంట్రాక్టు టెక్నికల్ అసిస్టెంటు కిరణ్ పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశాడు. ఒక్కొక్కరి ఫొటోలున్న ఫోల్డరు చూపిస్తే చాలు, ఫొటోకో పేజీ చొప్పున పీడీఎఫ్ తయారవుతుంది. ఫైలు సైజు హద్దులో ఉందో లేదో చూసుకున్నాం, పేరు సరిపోయిందో లేదో చూసుకున్నాం. లోపల ఏముందో చూడమని ఏ సర్క్యులర్లోనూ లేదు కాబట్టి చూడలేదు.

వారం తిరక్కుండా ఒక ఊరి దరఖాస్తులన్నీ ఒకే వ్యాఖ్యతో వెనక్కి వచ్చాయి: "దరఖాస్తుదారు చేనులో నిలబడలేదు, పడుకుని ఉన్నారు. తిరస్కరించడమైనది."

తెరిచి చూస్తే నిజమే. ఫోను నిలువుగా పట్టుకుని తీసినా ఫొటో లోపల అడ్డంగానే నమోదవుతుంది. ఏ వైపు పైకో చెప్పే చిన్న గుర్తు మాత్రం దానితోపాటు ఉంటుంది. కిరణ్ ప్రోగ్రామ్ ఆ గుర్తు చదవలేదు. దాంతో ఊరు ఊరంతా పక్కకి ఒరిగిపోయింది. మైదానంలో అయితే నేల గోడలా లేచిందేమిటని ఎవరైనా అనుమానిస్తారు. కొండ దిగువన పై ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి కొండ అంటే అలాగే ఉంటుందని నమ్మకం.

ఆ విడత గడువు దాటితే మళ్ళీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఈలోగా చేలల్లో అటవీశాఖ ప్లాంటేషను వేసేస్తే అడిగే దిక్కు లేదు. ఆ ఊళ్ళో సన్నమ్మ అనే ఆమె, మొగుడు పోయాక తన చోడి చేను, అదే రాగి చేను మీదే పిల్లల్ని సాకుతోంది. హుకుంపేట సంత నుంచి నేరుగా మా ఆఫీసుకొచ్చి ఏటయిందని అడిగింది. తెర చూపించి వ్యాఖ్య చదివి వినిపించాను. తల పక్కకి వాల్చి కాసేపు చూసింది.

"నాను నిలబడే ఉన్నాను బాబూ. మీ కంప్యూటర్లో కొండే తొంగున్నాది," అంది.

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది.

కిరణ్ ఒక్క లైను కలిపితే ప్రోగ్రామ్ దారికొచ్చింది. కొత్త పీడీఎఫ్‌లో అందరూ లేచి నిలబడ్డారు. పై ఆఫీసు మాత్రం దారికి రాలేదు. ఒకసారి పడుకున్నట్టు నమోదైనవారిని తర్వాత నిలబడినట్టు చూపాలంటే అధికారి ధ్రువీకరణ ఉండాలన్నారు. కులం, ఆదాయం, నివాసం ఎన్నో ధ్రువీకరించాను గానీ, మనిషి నిలబడి ఉందని ధ్రువీకరించడం నా సర్వీసులో అదే మొదలు. "ఫొటో తీయు సమయమందు సదరు సన్నమ్మ నిలబడియే యున్నదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది" అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాను. ఊరందరికీ తలా ఒకటి.

పట్టాలు వచ్చాయి. పంచేటప్పుడు చూస్తే సన్నమ్మ ఫొటో పట్టా మీద పడుకునే ఉంది. పోర్టల్లో మొదట ఎక్కిన ఫైలు నుంచే ఫొటో తీసుకుంటారట. వెనక్కి పంపి సరిచేయిస్తానన్నాను. ఆమె ఇవ్వలేదు. చేతికొచ్చిన కాగితాన్ని మళ్ళీ మా చేతుల్లో పెట్టడానికి ఆమెకేం పిచ్చా?

తర్వాత ఆ ఊరెళ్ళినప్పుడు వాళ్ళింట్లో చూశాను. పట్టాకి ఫ్రేము కట్టించి, పక్కకి తిప్పి గోడకి తగిలించింది. రాజముద్ర, అక్షరాలు, అధికారుల సంతకాలు అన్నీ పడుకున్నాయి. సన్నమ్మ ఒక్కతే నిలబడి ఉంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ ఫైలూ తెరిచి చూడకుండా పైకి పంపలేదు. తెరిచి చూడమనే సర్క్యులరు మాత్రం నేనున్నన్నాళ్ళూ రాలేదు.